బిడ్డను చూడబోయే దారి: ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దులో భూమి, కాగితం, పంటకాలం

2024–25 విద్యాసంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది అని ‘ఓపెన్ డోర్స్’ నివేదిక లెక్కగట్టింది. అంతకు ముందటి ఏడాదే, 3,31,602 మందితో, మనవాళ్ళు చైనాను దాటి మొదటి స్థానానికి చేరారు. విద్యార్థుల లెక్క ఇంత పక్కాగా దొరుకుతుంది గాని, వాళ్ళను చూడడానికి వెళ్ళిన తల్లిదండ్రులు అందులో కనబడరు. వాళ్ళు వెళ్ళేది సందర్శకుల వీసా మీద. నయాగరా చూడబోయే దంపతులూ, కొడుకు పట్టా పుచ్చుకుంటుంటే కళ్ళారా చూడాలని వెళ్ళే దంపతులూ అక్కడ ఒకే పద్దు. విద్యా వలసల మీద వచ్చే రాతల్లో కూడా ఈ ప్రయాణం చివరి పేజీలో భావోద్వేగంగా మిగిలిపోతుంది తప్ప పరిశోధనాంశం కావడం తక్కువ.

ఈ ప్రయాణం ఎవరికి సాధ్యమవుతుందన్నది మమకారం తేల్చే విషయం కాదు. ఇంట్లో ఎంత డబ్బుందన్నది కూడా పూర్తిగా తేల్చదు. ఇంటి ఆస్తి ఎలాంటి కాగితంగా మారగలదు, ఇంటి పని ఏ నెలలో మనిషిని వదులుతుంది అన్నవే తేలుస్తాయని ఈ వ్యాసం వాదన. దీన్ని పరీక్షించడానికి ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారి కంటే అనువైన చోటు దొరకదు. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ, సారపాక మీదుగా సాగే ఈ దారి సుమారు 120 కిలోమీటర్లు. ఇంత కొద్ది దూరంలో పంటతోపాటు భూమికి వర్తించే చట్టమూ మారిపోతుంది. ఇది ఇళ్ళు తిరిగి చేసిన సర్వే కాదని ముందే చెప్పాలి. వీసా నిబంధనలను, భూచట్టాన్ని, పంటకాలాన్ని పక్కపక్కన పెట్టి చదివిన ప్రయత్నం.

వీసా సంగతి ముందు చూద్దాం. అమెరికా ఎఫ్-1 వీసాతో చదివే విద్యార్థి తన భార్యనో భర్తనో, 21 ఏళ్ళు నిండని పెళ్ళికాని పిల్లలనో ఎఫ్-2 మీద వెంట తీసుకుపోవచ్చు. అమ్మానాన్నలకు ఆ వరసలో చోటు లేదు. వాళ్ళకు మిగిలింది బి-2 సందర్శక వీసా. కెనడా 2011 డిసెంబరులో తెచ్చిన సూపర్ వీసా తల్లిదండ్రుల కోసమే పుట్టినా, అది అక్కడి పౌరులకు, శాశ్వత నివాసులకు వర్తిస్తుంది. చదువుకునే పిల్లల తల్లిదండ్రులకు కాదు. బ్రిటన్ మామూలు సందర్శకులను ఆరు నెలల వరకు ఉండనిస్తుంది. అమెరికా చట్టం దృష్టిలో విద్యార్థికి భార్యాబిడ్డలు కుటుంబం, కని పెంచినవాళ్ళు అతిథులు.

అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం సందర్శక వీసా అడిగిన ప్రతివారూ అక్కడే ఉండిపోయే ఉద్దేశంతో వస్తున్నట్టే లెక్క. కాదని నిరూపించుకునే బాధ్యత అడిగినవారిదే. కౌంటరు ముందు నిలబడేది కొద్ది నిమిషాలు. అధికారి ఫైలు తెరిచి చూడకపోవచ్చు కూడా. అయినా ఆ ఫైలు సిద్ధం కావడానికి నెలలు పడుతుంది: పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి దస్తావేజు, బ్యాంకు నిల్వలు, ఆదాయపు పన్ను రిటర్నులు, ఆస్తుల విలువ ధ్రువీకరిస్తూ చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చే పత్రం. దూరం మాత్రం తగ్గింది. హైదరాబాద్ కాన్సులేట్ 2008లో మొదలై 2009లో వీసాలు ఇవ్వడం ప్రారంభించేవరకు ఈ పని మీద మన జిల్లావాళ్ళు చెన్నై పోయేవారు. 2023 మార్చిలో ఆ కార్యాలయం పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకు మారింది. ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వవచ్చు. కోయ భాషలో ఇవ్వలేరు గాని, భద్రాచలం చుట్టుపక్కల కోయ ఆదివాసీలకు తెలుగు కొత్త కాదు కనుక అసలు అడ్డంకి భాష కాదు.

ఖమ్మం మైదానంలో ఈ ఫైలు నిండడం తేలిక. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వైరా, మధిర, బోనకల్లు వైపు భూమికి ధర ఉంది, కొనేవాడున్నాడు. కాబట్టి బ్యాంకు దగ్గర దానికి పరపతి ఉంది. విద్యారుణాల నమూనా పథకం ప్రకారం ఏడున్నర లక్షలు దాటిన అప్పుకు ఆస్తి హామీ అడుగుతారు. అమెరికా ఎమ్మెస్ అంత లోపు తెమలదు. ఆ విధంగా అదే పొలం మొదట బిడ్డ అప్పు పత్రాల్లో, రెండు మూడేళ్ళకు తల్లిదండ్రుల వీసా ఫైలులో కనిపిస్తుంది. మొదటిసారి అది తాకట్టు. రెండోసారి, తిరిగొచ్చేస్తామన్న మాటకు సాక్ష్యం. తాకట్టులో ఉన్న పొలాన్ని చూపించి ‘దాని కోసమైనా తిరిగొస్తాం’ అనడంలో ఒక వింత ఉంది గాని, ఆ వింతను ఎవరూ పట్టించుకోరు.

కాలం కూడా వీళ్ళకు కలిసొస్తుంది. అమెరికాలో స్నాతకోత్సవాలు ఎక్కువగా మే నెలలో, కొన్ని డిసెంబరులో. తేజ మిర్చి జనవరి నుంచి కోతకు వస్తుంది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఖమ్మం మార్కెట్ యార్డు బస్తాలతో నిండిపోతుంది. మే వచ్చేసరికి పంట అమ్ముడై చేతిలో డబ్బు ఆడుతుంది, వానాకాలం పనులు ఇంకా మొదలవవు. డిసెంబరు పట్టాలతోనే ఇబ్బంది. అప్పుడు తోట పూత మీద, కాయ మీద ఉంటుంది. తెగులు చూసుకునే మనిషి పొలం వదలలేడు. అలాంటి ఇంట్లో ఒకరు ప్రయాణం కట్టడం, ఒకరు ఉండిపోవడం తప్పదు. 

ఏన్కూరు దాటాక కథ మారుతుంది. 1959 నాటి షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు నిబంధనలను సవరించిన 1970 నాటి ఒకటో రెగ్యులేషన్‌ను ఇక్కడ అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటారు. ఏజెన్సీ అని పిలిచే ఈ షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. గిరిజనేతరుడు అమ్ముకోదలిచినా గిరిజనుడికే అమ్మాలి. బ్యాంకులకు తనఖా పెట్టడం పూర్తిగా నిషిద్ధం కాదు. కానీ అప్పు తీరకపోతే బ్యాంకు ఆ భూమిని గిరిజనులకే అమ్ముకోవాలి. కొనేవాళ్ళ పరిధి అంత చిన్నదైతే హామీగా దాని విలువ ఎంత? 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టా మరీ వేరు. తెలంగాణ ప్రభుత్వం 2023 జూన్ చివర పెద్దఎత్తున పంచిన పట్టాలు ఇవే. అది వారసులకు దక్కుతుంది గాని అమ్మడానికి, బదలాయించడానికి వీల్లేదు. భద్రాచలం దాటాక వచ్చే చర్ల, దుమ్ముగూడెం మండలాల కోయ రైతుకు ఐదెకరాలుండవచ్చు. ఆ ఐదెకరాలు మధిరలో చేసే పని ఇక్కడ చేయవు.

ఇది చట్టం మీద ఫిర్యాదు కాదు. ఆ చట్టమే లేకుంటే ఆ ఐదెకరాలు ఆ ఇంట్లో మిగిలి ఉండేవే కావు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు దాన్ని ఇంకా గట్టిపరిచింది. భూమిని నిలబెట్టిన కంచె, అదే భూమిని ప్రపంచ బజారులో చెల్లని నాణెంగానూ మార్చిందన్నదే ఇక్కడ గమనించవలసింది. ఆ మాటకొస్తే భద్రాచలం పట్టణంలోని గిరిజనేతరుల ఇళ్ళకు కూడా ఈ చిక్కు ఉంది. మేడ కట్టుకున్నవారికి కూడా చూపించుకోదగిన దస్తావేజు ఉండకపోవచ్చు.

ఏజెన్సీ మధ్యలోనూ కాగితమున్న ఇళ్ళు లేకపోలేదు. కొత్తగూడెంలో సింగరేణి బొగ్గు సంస్థ, పాల్వంచలో కేటీపీఎస్ విద్యుత్ కేంద్రం, సారపాకలో ఐటీసీ కాగితం మిల్లు ఉన్నాయి. ఈ ఉద్యోగుల ఇళ్ళలో జీతం చీటీ, భవిష్యనిధి ఖాతా, పన్ను రిటర్ను ఉంటాయి. ఆదివాసీ ఉపాధ్యాయులు, ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ఉద్యోగుల ఇళ్ళూ అంతే. కాబట్టి దీన్ని గిరిజన, గిరిజనేతర తేడాగా మాత్రమే చూస్తే తప్పు. నెల జీతం ఉన్న ఇల్లు, అడవీ పొలమూ మీద బతికే ఇల్లు అన్న గీత దాన్ని అడ్డంగా కోస్తుంది.

ఇక అడవి మీద బతికే ఇంటి బిడ్డ విదేశం వెళ్ళగలిగే దారి ప్రధానంగా అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి. తెలంగాణలో దీని కింద ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 20 లక్షల రూపాయల వరకు సాయం వస్తుంది. కుటుంబ వార్షికాదాయం 5 లక్షలు దాటకూడదన్నది షరతు. ఆ ఆదాయ ధ్రువపత్రం తాసిల్దారు కార్యాలయం ఇస్తుంది. చిక్కంతా ఇక్కడే. బిడ్డను పంపడానికి ‘మాకు లేదు’ అని రాయించుకున్న ఇల్లే, బిడ్డను చూడబోవడానికి ‘మాకు ఉంది’ అని చూపించుకోవాలి. రెండు కాగితాలూ అబద్ధం కాదు, మనిషీ మారలేదు. ఒక ప్రభుత్వం పేదరికానికి రుజువు అడిగింది, ఇంకో ప్రభుత్వం కలిమికి రుజువు అడిగింది. మైదానపు రైతుకు మొదటి పరీక్ష ఎదురుకాదు. అతడు మొదటినుంచీ ఉన్నదే చూపించాడు.

ప్రయాణ ఖర్చు బిడ్డే భరిస్తానని చెప్పే దారి ఉంది గాని, చదువు నడుస్తుండగా అది మాటవరసకే. ఎఫ్-1 విద్యార్థి తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు, అదీ మామూలుగా ప్రాంగణంలోనే పనిచేయవచ్చు. చదువయ్యాక ఓపీటీ కింద ఏడాది, శాస్త్ర సాంకేతిక కోర్సులవాళ్ళకు ఇంకో రెండేళ్ళు ఉద్యోగం చేసుకునే వీలుంది. అందుకే ఏజెన్సీ ఇంటికి ఈ ప్రయాణం జరిగేదంటూ ఉంటే స్నాతకోత్సవం నాడు కాదు, జీతం మొదలైన తరువాత. అప్పటికి చూడవలసిన వేడుక అయిపోయి ఉంటుంది.

కాలమూ ఎదురు తిరుగుతుంది. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలుతుంది. ఏప్రిల్ నుంచి మే దాకా తునికాకు. కొద్ది వారాలు నడిచే ఈ తునికాకు పని అడవి ఇళ్ళలో నగదు చూపించే ముఖ్యమైన పని. ఖమ్మం రైతుకు తీరిక దొరికిన మే నెలలోనే చర్ల అడవిలో మనిషికి ఊపిరి సలపదు. సాగనంపే వేళ కూడా అంతే. అమెరికా చదువులు ఆగస్టులో మొదలవుతాయి, జూలై ఆగస్టులు గోదావరి వరద నెలలు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరినప్పుడు 1965 నాటి వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అలాంటి వారంలో విమానం ఉన్న ఏజెన్సీ విద్యార్థికి శంషాబాద్ కంటే వంతెన అవతలి సారపాక దూరం.

ఏజెన్సీ తల్లిదండ్రులకు చదివే బిడ్డను చూడబోవడం కొత్త అనుభవం కాదన్న సంగతి విద్యా వలసల పరిశోధకులు గుర్తించాలి. ఆశ్రమ పాఠశాలలో చేరిన చిన్న పిల్లను చూడడానికి ఆదివారాలో, సంత రోజులో పని మానుకుని వెళ్ళడం, వార్డెన్ అనుమతి అడగడం, అప్పచెల్లెళ్ళు పంపినవి చేతికిచ్చి చీకటి పడకముందే తిరుగుముఖం పట్టడం ఇక్కడ మూడు నాలుగు దశాబ్దాల అలవాటు. మైదానపు తల్లి బిడ్డను మొదటిసారి దూరం పంపింది ఇంటర్మీడియట్‌కో, ఎమ్మెస్‌కో. కోయ తల్లి చిన్న తరగతులకే పంపింది. ఎడబాటు విషయంలో ఎవరికి అనుభవం ఎక్కువో చెప్పనక్కరలేదు.

రాష్ట్ర సరిహద్దు తెచ్చిన చిక్కు ఇంకొకటి మిగిలింది. పోలవరం ప్రాజెక్టు కోసం 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాల ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్‌కు బదలాయించారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, దానికి ఆనుకుని ఉన్న ఎటపాక అటు పోయింది. 2022లో అది అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. ఎటపాక పిల్లల ఆసుపత్రి, సంత, చాలామందికి బడి కూడా భద్రాచలమే. విదేశీ విద్యాసాయం మాత్రం ఏ రాష్ట్రపు చిరునామా అయితే ఆ రాష్ట్రపు పథకం. ఆంధ్రప్రదేశ్ 2022లో తెచ్చిన విదేశీ విద్యా దీవెన ఆదాయ పరిమితిని 8 లక్షలకు పెంచింది గాని, సాయాన్ని ప్రపంచ ర్యాంకుల్లో పైవరుసలో ఉన్న విశ్వవిద్యాలయాలకే కట్టేసింది. తెలంగాణ పథకం ఆ దారి పట్టలేదు. ఆ నిబంధన ఉన్నన్నాళ్ళూ ఒకే ఇంటిపేరుతో, ఒకే బడిలో చదివిన ఇద్దరు అన్నదమ్ముల బిడ్డల్లో భద్రాచలంలో ఉన్నవాడు ఓ మోస్తరు విశ్వవిద్యాలయానికి వెళ్ళగలిగేవాడు, ఎటపాకలో ఉన్నవాడికి అదే సీటు వచ్చినా సాయం అందేది కాదు. ఆ రెండో ఇంట్లో తల్లిదండ్రుల వీసా ప్రశ్న అసలు పుట్టేదే కాదు.