సూదిమొనంత రంధ్రము

క్రొత్త మందును పరీక్షించువారికి ఆదిలోనే ఎదురగు ప్రశ్న యొకటి కలదు. ఆ మందు కణములోనికి పోవుచున్నదా? లేక పొర వెలుపలనే నిలిచిపోవుచున్నదా? ఈ సంగతిని కంటితో చూచి చెప్పుటకు చాలకాలము వీలుపడలేదు. ఆ వీలు కల్పించినది లేసరు స్కానింగు సూక్ష్మదర్శిని. ఔషధ పరిశోధనశాలలు నేడు ఎంతో వ్యయమున కోర్చి దీనిని తెప్పించుకొనుచున్నవి. అయినను దీని పుట్టుక మందుల కొరకు జరిగినది కాదు.

1955లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున మార్విన్ మిన్‌స్కీ అను యువకుడు మెదడులోని నాడీకణముల అల్లికను చూడదలచెను. మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1940 వరకు పనిచేసిన విశ్వవిద్యాలయ మదియే. మెదడు ముక్కను సామాన్య సూక్ష్మదర్శిని క్రింద నుంచినచో, చూడదలచిన పొరతోబాటు పైపొరలు, క్రిందిపొరలు కూడ వెలుగును చెదరగొట్టును. మంచుపట్టిన అద్దము గుండా వీధిని చూచినట్లే యుండును.

మిన్‌స్కీ ఆలోచించిన ఉపాయము మాకు నేటికిని ముచ్చట గొలుపును. వస్తువు నంతటిని ఒక్కమారు వెలిగించుట మాని, సూదిమొనంత రంధ్రము గుండా వచ్చు వెలుగును అతడు ఒక్క బిందువుపై నిలిపెను. అక్కడినుండి తిరిగివచ్చు వెలుగునకు రెండవ రంధ్రమును ద్వారముగా పెట్టెను. ఇతర పొరల వెలుగు ఆ ద్వారముకడ చెదరి చాలవరకు ఆగిపోవును. కాని ఒక్క బిందువు చిత్రము కాదు గదా! అందుచేత వస్తువునే అటు నిటు కదలించుచు, బిందువు వెంట బిందువును చదివి, సైన్యము వాడి విడిచిన రాడారు తెరపై చిత్రమును కూర్చెను. పాత రేడియో సెట్లలో స్టేషను కుదిరినప్పుడు వెలిగెడి ఆకుపచ్చని కన్నును ఎరిగిన పాఠకులకు ఆ తెరకాంతిని ఊహించుట కష్టము కాదు.

చూడవచ్చినవారు మెచ్చలేదు. తెర మరీ పెద్దదగుటచే చిత్రము మసకగా తోచినదేమో యని మిన్‌స్కీ తరువాత వ్రాసికొనెను. 1957లో కోరిన పేటెంటు 1961లో చేతికందెను. దాని 17 ఏండ్ల గడువు 1978లో, యంత్రము అంగడికి రాకమునుపే, తీరిపోయెను. అప్పటికతడు యంత్రములకు బుద్ధి నేర్పు శాస్త్రమున ప్రసిద్ధుడై యుండెను.

కొరవడినది తీక్ష్ణమైన వెలుగు. సూదిమొనంత రంధ్రము గుండా దీపకాంతి ఎంత దూరును? 1960లో థియొడోర్ మైమన్ తొలి లేసరును వెలిగించెను. 1969లో యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడోవిట్స్, ఎగ్గర్ అనువారు లేసరుతో పనిచేయు సూక్ష్మదర్శినిని వివరించిరి. 1982లో జర్మనీలోని జైస్ సంస్థ లేసరు స్కానింగు సూక్ష్మదర్శినిని వెలువరించెను. అయినను జీవశాస్త్రజ్ఞుల మనసు మారినది 1987లో. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జాన్ వైట్, బ్రాడ్ అమోస్ మున్నగువారు వస్తువును కదలింపక, అద్దములతో కిరణమునే నడపిరి. ఒకే నమూనాను పాత పద్ధతిలోను, క్రొత్త పద్ధతిలోను తీసి ప్రక్కప్రక్కన ప్రచురించిరి. ఆ తరువాత వాదన కవకాశము లేకపోయెను.

మందుల పరిశోధనకు దీని ఉపయోగము ఒక్క ఉదాహరణతో తెలియును. కాన్సరున కిచ్చు డాక్సోరూబిసిన్ తగిన లేసరు కాంతి సోకగా తనంతట తానే ఎఱ్ఱగా మెరయును. మందునకు లొంగు కణములలో ఆ ఎఱుపు కేంద్రకమున కనబడును. లొంగనేర్చుకొనని కణములు పెక్కింటిలో కేంద్రకము నల్లగానే యుండి, ఎఱుపు వెలుపలి భాగమున చుక్కలుగా మిగులును. కణము మందును బయటికి నెట్టివేయుచున్నదని శాస్త్రజ్ఞులు వేరుమార్గమున కనుగొన్న సంగతికి ఇది కంటి సాక్ష్యము.

అన్ని మందులు ఇట్లు స్వయముగా మెరయవు. మెరయని వానికి రంగును అంటింపవలసి వచ్చును. అట్లు అంటించిన రంగు మందు నడతనే మార్చవచ్చును. లేసరు ఎక్కువసేపు సోకిన రంగు వెలిసిపోవును, సజీవకణము దెబ్బతినును. కావున యంత్రమును కొనువారు దానితోబాటు అదరని బల్లను, చీకటి గదిని, అన్నిటికంటె ముందుగా, వెలుగును ఎంతలో ఆపవలెనో తెలిసిన మనిషిని సమకూర్చుకొనుచున్నారు.