గరిజెలు, కజ్జొనెత్తి: పండుగ పళ్ళెం చెప్పే సాక్ష్యం



డిసెంబరు నెల వచ్చిందంటే రామన్నపేట చుట్టుపక్కల మన విశ్వాసుల ఇండ్లలో రెండు మాటలు వినబడతాయి. "గరిజెలు, సకినాలు ఎప్పుడు మొదలుపెడదాం?" అని అమ్మమ్మలు, అత్తలు అడుగుతారు. "అవి సంక్రాంతి వంటలు గదా, క్రైస్తవులకు ఎందుకు? కేకు తెచ్చుకుంటే చాలదా?" అని కొందరంటారు. ఈ రెండో మాట చిన్నదిగానే కనబడుతుంది గాని, దానికి జవాబు కావాలంటే మనం కొంచెం చరిత్రలోకి పోవాలి.

ముందు కేకు సంగతి చూద్దాం. కేకు బేత్లెహేములో పుట్టలేదు. అది ఇంగ్లీషువాళ్ళ పండుగ వంట. వాళ్ళ పాలనతో మన పట్టణాలకు వచ్చింది, బేకరీలతో మన మండల కేంద్రాలకు చేరింది. ఇటలీలో మిలాన్ పట్టణంవాళ్ళకైతే క్రిస్మస్ అంటే 'పనెత్తోనే'. పిండిని బాగా పులియబెట్టి, ఎండుద్రాక్ష, చక్కెర పట్టించిన నారింజ తొక్క ముక్కలు కలిపి, గోపురంలా పొంగేటట్టు కాల్చే తియ్యరొట్టె అది. ఆ మిలాన్ మనకు సంబంధం లేని ఊరేమీ కాదు. 1850లో అక్కడ మొదలైన కథోలిక మిషనరీ సభవారు 1855లోనే హైదరాబాదుకు వచ్చారు. 1870 నుండి 1953 వరకు హైదరాబాదు బిషప్పులుగా ఉన్నది ఆ సభకు చెందిన ఇటలీ గురువులే. నల్లగొండలో కుష్ఠురోగులకు సేవ చేసిన ఫాదర్ లుయీజీ పెజ్జోని కూడా ఆ సభవారే.

ఇటు ప్రొటెస్టంటు పక్క చూస్తే, 1890లో నల్లగొండలో బాప్టిస్టు మిషను స్టేషను మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ గారు అప్పటి రష్యా సామ్రాజ్యంలోని, అంటే నేటి ఉక్రెయిన్‌లోని, మెన్నోనైట్ ఊళ్ళ నుండి వచ్చినవారు. ఆ మెన్నోనైట్ ఇండ్లలో క్రిస్మస్‌కు మిరియాల పేరు పెట్టుకున్న చిన్న చిన్న బిస్కత్తులు కాలుస్తారు. అయినా మన పల్లెల్లో పనెత్తోనే పాతుకోలేదు, ఆ మిరియాల బిస్కత్తులూ పాతుకోలేదు. వచ్చినవారు సువార్త తెచ్చారు గాని పొయ్యి తేలేదు. మన అమ్మమ్మలు రక్షకుని పుట్టుకను తమకు తెలిసిన మూకుడులో, తమకు తెలిసిన పిండితోనే పండుగ చేసుకున్నారు.

ఇది మన ఒక్క చోట జరిగింది కాదు. ఇటలీ నడిభాగాన అబ్రుజ్జో అనే కొండప్రాంతం ఉంది. గొర్రెల కాపరుల సీమ. మన పక్కన గొల్లకుర్మలున్నట్టే అక్కడ తరతరాలుగా మందలు తోలుకొని బతికినవారు. చలికాలం రాగానే మందలతో దక్షిణాన ఉన్న పూల్యా మైదానాలకు దిగి, ఎండాకాలానికి మళ్ళీ కొండ ఎక్కేవారు. ఆ సీమలో క్రిస్మస్‌కు ఇంటింటా చేసే వంట పేరు 'కజ్జొనెత్తి'. పేరు వింటే మన కోస్తావాళ్ళు గరిజెలను పిలిచే 'కజ్జికాయలు' గుర్తుకు వస్తుంది. పేర్లకు చుట్టరికం ఉందని మనం చెప్పడం లేదు. కాని వంట చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. గోధుమపిండిని ఆలివ్ నూనె, తెల్ల ద్రాక్షారసం పోసి కలుపుతారు. పలుచగా ఒత్తి, మధ్యలో పూర్ణం పెట్టి, అర్ధచంద్రంలా మడిచి, అంచు మూసి, నూనెలో వేయించి, పైన చక్కెర చల్లుతారు. పూర్ణం దేనితోనంటే, కొన్ని ఇండ్లలో చెస్ట్‌నట్ కాయలు, కొన్ని ఇండ్లలో ఉడికించిన శనగలు. దానిలోకి తేనె, దాల్చినచెక్క, నారింజ తొక్క.

మన గరిజెలో ఏముంది? పుట్నాల పొడి, బెల్లమో చక్కెరో, ఎండుకొబ్బరి, నువ్వులు, యాలకులు. పుట్నాలంటే వేయించిన శనగలే గదా! రెండు చోట్లా పేదల పొలంలో పండిన పప్పే పండుగ తీపి అయ్యింది. కొండమీది కాపరికి శనగ అందింది. మన మెట్ట రైతుకూలీకి జీడిపప్పు అందలేదు, పుట్నాలు అందినయి. ఉన్నదానితోనే వాళ్ళు పండుగ చేశారు, మనమూ చేశాం. దేవుని కుమారుడు పశువుల తొట్టిలో పండుకొన్న రాత్రికి అంతకంటె తగిన వంట ఏముంటుంది?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మన నల్లగొండ మెట్టల్లో ఒకప్పుడు పేదవాని దినభోజనం జొన్నరొట్టె, గటక, అంబలి. వరి అన్నం పండుగనాటి మాట. కిలో 2 రూపాయల బియ్యం పథకం వచ్చింది 1983లో. ఆ తర్వాతనే బియ్యం చాలా పేద ఇండ్లకు రోజువారీ తిండి అయ్యింది. అంతకుముందు పండుగ వస్తే మన తాతముత్తాతల్లో అనేకులు దొర గడిలో కట్టెలు కొట్టారు, వడ్లు దంచారు, వెట్టి చేశారు. పండుగ వాళ్ళది, మిగిలింది మనది. వాళ్ళు దంచిన బియ్యం గడి లోపలికి పోయేది గాని, వాళ్ళు వండింది తినడానికి ఊరు ఒప్పుకునేది కాదు.

అటువంటి ఇండ్లలో క్రిస్మస్‌కు బియ్యప్పిండి తడిపి, ఓమ, నువ్వులు కలిపి, బట్టమీద సకినాలు చుట్టి, గరిజెలు వేయించడమంటే కేవలం రుచి సంగతి కాదు. మిగిలింది తినే ఇల్లు పంచిపెట్టే ఇల్లు అయ్యింది. అందుకే మన పెద్దమ్మలు పళ్ళెం నింపి, తుండుగుడ్డ కప్పి, ముందుగా బయటికి పంపేవారు. ఆ పళ్ళెమే వారి సాక్ష్యం. కొన్ని ఇండ్లవారు తీసుకున్నారు, కొన్ని ఇండ్లవారు తీసుకోలేదు. అయినా మరుసటి ఏడు మళ్ళీ పంపారు.

నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయంలో ధర్మశాస్త్రం విని ఏడుస్తున్న ప్రజలతో ఏమన్నారో జ్ఞాపకం చేసుకుందాం. ఏడవకండి, మంచి భోజనం చేయండి, మధురమైనది త్రాగండి, ఏమీ సిద్ధపరచుకోలేని వారికి భాగాలు పంపండి అని చెప్పారు. పండుగ తీపి దేవుని వాక్యానికి అడ్డు కాదు. కాని పంపవలసిన భాగం పంపకపోతే ఆ పండుగ సగమే. ఇక సంక్రాంతి వంటలంటారా? కొత్త బియ్యం ఇచ్చింది ఎవరు, చెరకుకు తీపి ఇచ్చింది ఎవరు? భోజనం మనలను దేవుని యెదుట గొప్పచేయదు, తక్కువా చేయదని పౌలు కొరింథీయులకు వ్రాసిన సంగతి మనకు తెలుసు.

గరిజె చేసే అక్కలకు ఇంకొక సంగతి బాగా తెలుసు. అంచు సరిగా మూయకపోతే నూనెలో అది విచ్చుకుంటుంది. పూర్ణం బయటికి వచ్చి మాడుతుంది, ఆ మాడు తర్వాత వేసిన గరిజెలన్నిటికీ అంటుకుంటుంది. సంఘం కూడా అంతే. ఒక ఇంటిని కలుపుకోకుండా వదిలేస్తే ఆ చేదు ఒక్క ఇంటితో ఆగదు.

కాబట్టి ప్రియులారా, ఈ పండుగకు అప్పు చేసి వండవద్దు. ఉన్న పిండితోనే వండుదాం. కేకు తెచ్చుకున్నవారిని తప్పు పట్టవద్దు. నలుగురు అక్కలు ఒక ఇంట కూర్చొని, ఒకరు ఒత్తి, ఒకరు నింపి, ఒకరు అంచు మడిస్తే ఒక మధ్యాహ్నంలో నాలుగిండ్ల పని అయిపోతుంది. ఆడపిల్లలతోపాటు మగపిల్లలనూ కూర్చోబెడదాం. మొదటి పళ్ళెం ఈ ఏడు ఇంటి మనిషిని పోగొట్టుకున్న ఇంటికి పోవాలి. రెండవది మనతో మాట మానేసిన ఇంటికి. మూడవది మన చేతి వంట ఇంతవరకు ముట్టని ఇంటికి. తీసుకుంటే దేవునికి స్తోత్రం. తీసుకోకపోతే వచ్చే ఏడు మళ్ళీ పంపుదాం, మన పెద్దమ్మలు చేసింది అదే గదా.

తొట్టిలో పండుకొన్న ప్రభువు మీ పొయ్యిని, మీ పళ్ళెమును, మీ గడపను దీవించును గాక. ఆమేన్.