ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకాలు: దత్తమండలాల్లో స్త్రీల స్థితిగతులు

ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) బళ్ళారిలో వకీలు. ఆంధ్ర నాటక పితామహుడిగా పేరుపొందారు. సరసవినోదినీ సభ ద్వారా తన నాటకాలను తానే ఆడించారు. 1887లో ప్రదర్శించిన ‘చిత్రనళీయం’తో మొదలుపెట్టి ‘విషాదసారంగధర’, ‘ప్రమీలార్జునీయం’, ‘మోహినీరుక్మాంగద’ వంటి నాటకాల్లో స్త్రీ పాత్రల చుట్టూ కథ నడిపారు. అయితే ఆ పాత్రలు ధరించినవారు మగవాళ్ళు. చూసినవారిలో ఎక్కువమంది చదువుకున్న పట్నవాసులు. నాటకంలో కనబడిన స్త్రీకీ, అదే సీమలో మెట్టచేలల్లో బతికిన స్త్రీకీ నడుమ చాలా దూరం ఉంది. ఈ నాటకాలను అర్థం చేసుకోవడానికి ఆ దూరం తెలియాలి.

ప్రాంతం, కాలం

1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న బళ్ళారి, కడప ప్రాంతాలను దత్తమండలాలన్నారు. 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్‌ను తొలగించి కంపెనీ స్వాధీనం చేసుకున్న కర్నూలునూ తరువాత వీటితో కలిపి చెప్పుకున్నారు. 1882లో బళ్ళారి నుంచి అనంతపురం జిల్లా విడివడింది. రాయలసీమ అన్న పేరు 1928 నాటి నంద్యాల సభ తరువాతే వాడుకకెక్కింది. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 దాకా బళ్ళారి జిల్లాలోవే. అందువల్ల ఈ నాటకకర్త ఉన్న జిల్లాలో నేటి కర్నూలు జిల్లా పడమటి పల్లెలు కూడా ఉండేవి.

1876–78 నాటి ధాత కరువు ఈ జిల్లాలను కుంగదీసింది. 1871, 1881 జనాభా లెక్కలను పోల్చి చూస్తే కర్నూలు జిల్లా జనాభా దాదాపు పావు వంతు తగ్గింది. కరువు పనుల్లో ఆడవాళ్ళు మగవాళ్ళతో సమానంగా మట్టి తట్టలు మోశారు. కర్నూలు–కడప కాలువ అప్పటికే తవ్వి ఉన్నా కరువును ఆపలేకపోయింది. ‘చిత్రనళీయం’ ఆడేనాటికి ఆ కరువు ముగిసి పదేళ్ళు కూడా కాలేదు. ధర్మవరం వారి ప్రసిద్ధ నాటకాలు మాత్రం పురాణాల నుంచీ ప్రాచుర్యంలో ఉన్న పాతకథల నుంచీ వస్తువు తీసుకున్నాయి.

చిత్రాంగి

ఆయన నాటకాల్లో అందరికంటే పెద్ద చర్చకు పాత్రమైన స్త్రీ ‘విషాదసారంగధర’లోని చిత్రాంగి. రాజరాజనరేంద్రుడి పడుచు భార్య అయిన ఆమె సవతి కొడుకు సారంగధరుణ్ణి కోరుతుంది. కాదన్నందుకు నేరం మోపుతుంది. రాజు అతనికి కాళ్ళూ చేతులూ నరికించే శిక్ష వేస్తాడు. నాటకం మంగళాంతం కావాలన్న సంస్కృత సంప్రదాయాన్ని పక్కనబెట్టి ధర్మవరం వారు దీన్ని విషాదాంతం చేశారు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దీన్ని చెబుతారు.

చిత్రాంగిని దుర్మార్గురాలిగా చూడడం పాత అలవాటు. కానీ వయసు మళ్ళిన భర్త, పడుచు భార్య అన్న జత ఆనాటి ప్రేక్షకులకు పురాణకాలపు ముచ్చట కాదు, తమ వీధిలోదే. పెళ్ళాం పోయిన పెద్దవాడు చిన్నపిల్లను చేసుకోవడం, ఆ పిల్ల బాల్యంలోనే విధవ కావడం అగ్రవర్ణాల ఇళ్ళలో మామూలే. గురజాడ ‘కన్యాశుల్కం’ పీఠికలో చెప్పిన లెక్క ప్రకారం విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో పిల్లకు డబ్బిచ్చి చేసుకునే కన్యాశుల్కపు పెళ్ళిళ్ళు 1,034 నమోదయ్యాయి. 1856 నుంచీ వితంతు వివాహం చట్టబద్ధమే అయినా, కందుకూరి రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించడానికి 1881 దాకా పట్టింది. సమ్మతి వయసును పదేళ్ళ నుంచి పన్నెండుకు పెంచిన 1891 చట్టంపై దేశమంతా రభస జరిగింది. చిత్రాంగి తప్పుకు తొలి కారణం ఆ పెళ్ళే అన్న ఆలోచనకు ఈ కథలో చోటుంది.

మెట్టసీమ ఆచారాలు

సంస్కర్తలు పోరాడిన సమస్యలు ప్రధానంగా ద్విజకులాలవి. కర్నూలు, కడప పల్లెల్లో సేద్యం, కూలి చేసుకునే అనేక కులాల్లో విధవకూ, మొగుణ్ణి వదిలినదానికీ మారుమనువు ఉండేది. దానికి మొదటి పెళ్ళికున్నంత గౌరవం ఉండేది కాదు. పెళ్ళికొడుకు వారే పిల్ల తరఫువారికి ఓలి ఇచ్చేవారు. పిల్ల చేసే పనికి విలువ కట్టిన ఆచారమది, ఆమె ఇష్టాన్ని అడిగినది మాత్రం కాదు.

అన్నిటికంటే బరువైనది బసివి ఆచారం. మగపిల్లలు లేని తల్లిదండ్రులు కూతుర్ని దేవుడికి విడిచేవారు. ఆమెకు పెళ్ళి ఉండేది కాదు. పుట్టింట్లోనే ఉండి కొడుకులా ఆస్తికి హక్కుదారయ్యేది, తండ్రికి కర్మ చేసేది. ఆమె పిల్లలు ఆమె తండ్రి ఇంటిపేరుతోనే సాగేవారు. బళ్ళారి ప్రాంతపు ఈ ఆచారాన్ని ఫాసెట్ అనే ఇంగ్లీషు అధికారి 19వ శతాబ్ది చివర్లోనే రాసిపెట్టాడు. కొడుకు హక్కు ఇచ్చినట్టే ఇచ్చి, దానికి బదులు ఆమె దేహాన్ని ఊరికి వదిలిన ఏర్పాటిది. దత్తమండలాల సమాజానికి ఇంతకు మించిన నాటకవస్తువు మరొకటి దొరికేది కాదు. అది బళ్ళారి నాటకశాలకు చేరలేదు. ఇలా ఆడపిల్లలను దేవుడికి విడవడాన్ని ఆపడానికి మద్రాసు రాష్ట్రంలో 1947లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 1988లోనూ దేవదాసీ నిషేధ చట్టాలు వచ్చాయి.

వేషం కట్టిన స్త్రీలు

1890లలో మద్రాసులో మొదలైన భోగంమేళాల వ్యతిరేకోద్యమం స్త్రీ ఆడడం, పాడడం అంటేనే నీతికి మచ్చగా చేసింది. వకీళ్ళూ ఉద్యోగులూ నడిపే సభల్లో ఆడవేషాలు మగవారికే మిగిలాయి. 1891లో సరసవినోదినీ సభ మద్రాసులో ప్రదర్శనలిచ్చినప్పుడు చూసి ఉత్తేజితుడైన పమ్మల్ సంబంధ మొదలియార్ సుగుణవిలాస సభను స్థాపించి తమిళ నాటకరంగానికి దారి వేశారు. ఆడవేషాలు మగవారే వేసే ఈ పద్ధతి అక్కడా కొనసాగింది.

వేరే దారి కడప జిల్లాలో తెరుచుకుంది. 1885లో సురభి గ్రామంలో తోలుబొమ్మలాడించే ఆరె మరాఠీ కుటుంబాలు ‘కీచకవధ’ నాటకం వేశాయి. వనారస గోవిందరావు ఆధ్వర్యంలో సురభి నాటక సమాజంగా విస్తరించాయి. ఈ కుటుంబాల్లో స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించారు. తెర వెనక బొమ్మలకు పాట, మాట అందించినవారిలో అంతకుముందూ ఆ ఇళ్ళ ఆడవాళ్ళు ఉన్నారు కనుక వారు తెర ముందుకు రావడం ఆ ఇళ్ళలో వింత కాలేదు. ద్రౌపదిని వేధించిన కీచకుడి కథతో ఈ సమాజం మొదలవడం గమనించదగ్గది. ఈ కుటుంబాల్లో పుట్టిన సురభి కమలాబాయి 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేషం వేశారు.

బళ్ళారి సభల పద్ధతిని మార్చడానికి పూనుకున్నవారు ధర్మవరం వారి మేనల్లుడు బళ్ళారి రాఘవ (1880–1946). కుటుంబస్త్రీలు రంగస్థలానికి రావాలని ఆయన పట్టుబట్టారు. పి.వి.రాజమన్నార్ రాసిన ‘తప్పెవరిది’ వంటి సాంఘిక నాటకాలు వేశారు. కొమ్మూరి పద్మావతీదేవి ఆయనతో కలిసి నటించారు.