ఒంగోలు సీమ మాదిగలు: విశ్వాసం, పని

మన దేశంలో క్రైస్తవమత వ్యాప్తిని గురించి అభ్యుదయవాదులమైన మనం చాలాకాలంగా రెండు మాటలు చెప్పుకుంటున్నాము. అది సామ్రాజ్యవాదం వెంట వచ్చిన మతమన్నది ఒకటి. నిరుపేదలు కరువులో గంజికోసం ఆ మతంలో చేరారన్నది రెండవది. రెండింటిలోను కొంత నిజం లేకపోలేదు. గాని మొదటి కథలో చరిత్రను నడిపేవాడు దొర, రెండవ కథలో నడిపేది ఆకలి. మతం మారిన మనిషి మాత్రం రెండు కథల్లోను ఎవరో తోస్తే కదిలేవాడుగానే మిగిలిపోతాడు. శ్రమజీవులే చరిత్ర నిర్మాతలని నమ్మేవారికి ఈ చూపు తగదు.

ఒక మతం మనుషుల బ్రతుకులో ఏమి చేసిందో తెలుసుకోవటానికి దాని వేదాంతాన్ని తిరగవేస్తే చాలదు. దాన్ని నమ్మినవారు పొద్దున లేచి ఏ పని చేశారు, ఏ పని మానుకున్నారు, ఏమి తినటం విడిచిపెట్టారు, ఎవరి ముందు తల ఎత్తారు అని చూడాలి. 19వ శతాబ్దపు ఒంగోలు సీమను ఈ దృష్టితో పరిశీలిస్తే, మన చరిత్రకారులు చాలవరకు మత ప్రచారకులకే వదలివేసిన ఒక శ్రామిక చరిత్ర కనిపిస్తుంది.

అమెరికను బాప్టిస్టులు 1840లో నెల్లూరులో మిషను పెట్టారు. పాతికేళ్ళపాటు ఫలితం అంతంతమాత్రమే. దాన్ని ఎత్తివేయటమా, నిలపటమా అని అమెరికాలో చర్చలు జరిగాయి. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడేనాటికి సభ్యులు ఎనిమిదిమంది. మొదట ఆయనకు పైకులాలవారి ఆదరణ ఉండేది. మాదిగలను చేర్చుకుంటే తాము రామని వారు చెప్పినప్పుడు, ఆయన మాదిగలవైపే నిలిచాడు.

ఆనాటి మెట్ట పల్లెల్లో మాదిగవాడి స్థానమేమిటో ముందు గ్రహించాలి. బావినీటి సేద్యానికి తోలు బాన కావాలి. ఎద్దులకు వార్లు కావాలి, రైతు కాళ్ళకు చెప్పులు కావాలి. వీటిని చేసి ఇచ్చేది మాదిగ. తంగేడు చెక్కతో తోలు ఊనవేసే లంద అతని ఇంటి పక్కనే ఉండేది. ప్రతిఫలం రొక్కం రూపంలో ముట్టదు. పంట వచ్చినప్పుడు కళ్ళం దగ్గర కొలిచే మేర మాత్రమే. ఊళ్ళో గొడ్డు చస్తే ఈడ్చుకుపోవలసింది అతడే. ఆ తోలు, ఆ మాంసం అతనివే. ఇది హక్కుగా కనిపించే వెట్టి. జాతరకు, పెళ్ళికి, చావుకు డప్పు కొట్టవలసిందీ అతడే. అతని శ్రమ లేనిదే సేద్యం సాగదు, అతని డప్పు లేనిదే అమ్మవారి కొలుపు సాగదు. అయినా ఊరిబావిలో చేద వేసే అర్హత అతనికి లేదు.

ఇటువంటి మనుషులు మతం కోసం దొర వచ్చేదాకా ఎదురుచూస్తూ కూర్చున్నారనుకోవటం పొరపాటు. ఈ ఉద్యమానికి మూలపురుషుడు యెర్రగుంట్ల పేరయ్య. కనిగిరి ప్రాంతపు మాదిగ, తోళ్ళ వ్యాపారి. విగ్రహారాధనను నిరసించే రాజయోగ మార్గంలో గురూపదేశం పొంది సాధన చేసినవాడు. పోతులూరి వీరబ్రహ్మం పేర నడిచిన కులనిరసన సంప్రదాయం కూడ ఆ నేలమీద పాతదే. వ్యాపారం మీద ఊళ్ళు తిరుగుతూ కొత్త మతాన్ని విని, దాన్ని వెతుక్కుంటూ తానే మిషను వారి దగ్గరకు వెళ్ళాడు. 1866లో బాప్తిస్మం పొంది తన ఊరికి తిరిగి వచ్చి బోధించటం మొదలుపెట్టాడు. పల్లెపల్లెకు మతాన్ని మోసింది పేరయ్య వంటివారి కాళ్ళు. దొర వెనుక వచ్చాడు.

కొత్తగా చేరినవారికి క్లౌ చెప్పిన నియమాలు ముఖ్యంగా మూడు. ఆదివారం పని చేయరాదు. చచ్చిన గొడ్డు మాంసం తినరాదు. విగ్రహాలను పూజించరాదు. చదవటానికి ఇవి మామూలు మతనియమాలే. ఒంగోలు సీమ ఉత్పత్తి సంబంధాలలో పెట్టి చూస్తే, మూడూ ఊరి పెత్తనాన్ని మూడుచోట్ల దెబ్బకొట్టినవే.

ఆదివారం మాట చూడండి. గ్రామ సేద్యంలో వారమన్న లెక్క లేదు. నీళ్ళు పెట్టవలసిననాడు బాన తెగితే, అది ఏ వారమైనా మాదిగ రావలసిందే. అటువంటిచోట, ఏడు రోజుల్లో ఒక రోజు నాది, ఆనాడు మీరు పిలిచినా రాను అని ఒక పల్లె పల్లె అంతా అన్నది. తన కాలం మీద తనకు హక్కున్నదని శ్రామికుడు చెప్పటం ఇదే. బొంబాయి మిల్లు కార్మికులు లోఖండే నాయకత్వాన ఆదివారం సెలవు కోరినది 1884లో, సాధించుకొన్నది 1890లో. ఫ్యాక్టరీ చట్టం వారానికొక సెలవును ఒప్పుకొన్నది 1891లో. ఒంగోలు మాదిగలు అంతకు చాల ముందే, చట్టంగాని సంఘబలంగాని లేకుండా, విశ్వాసం పేర ఆ సెలవును తీసుకున్నారు.

గొడ్డుమాంసం నియమం ఇంకా కఠినమైనది. కరువు సీమలో ఉచితంగా దొరికే ఆహారాన్ని కాదనటం తేలికగాదు. ఆకలిగొన్నవాడు గంజికోసమే మతం మారితే, ఉన్న తిండి ఎందుకు వదులుకుంటాడన్న ప్రశ్న మనం వేసుకోలేదు. చచ్చినదాన్ని తినటం అంటరానితనానికి సాక్ష్యంగా చూపే సమాజంలో, దాన్ని మానటం మనిషినని చాటుకోవటం. 1927లో మహద్‌లో అంబేద్కర్ తన ప్రజలకు చెప్పిన మాటల్లో ఇదొకటి.

ఇక విగ్రహారాధన నిషేధమంటే ఆచరణలో డప్పు కొట్టకపోవటం. కొలుపులో మాదిగ లేకపోతే తంతు జరగదు. అమ్మవారికి కోపం వచ్చి వానలు పడవనీ, పశువులకు తెగులు వస్తుందనీ ఊరు భయపడింది. అందువల్ల అతని విశ్వాసం అతని సొంత వ్యవహారంగా ఉండిపోయే అవకాశమే లేకపోయింది.

ఊరు ఊరుకోలేదు. మేర ఆపారు, పని ఇవ్వలేదు, నీళ్ళు అందకుండా చేశారు. దొంగతనాల కేసులు బనాయించటంలో కరణాలు, మునసబులు ముందు నిలిచారు. నేటి పరిభాషలో ఇది సాంఘిక బహిష్కరణ, పాలేళ్ళ సమ్మెపై యజమానుల లాకౌటు. మతగ్రంథాలు దీన్ని విశ్వాసులకు కలిగిన హింస అని రాస్తాయి. మనం దీన్ని వర్గపోరాటంలో ఒక రూపంగా కూడ చదవాలి. ఆ విశ్వాసులకు ఈ రెండింటి మధ్య తేడా ఉన్నదనుకోను.

1876-78 కరువు విషయానికి వద్దాం. ఒకవంక ధాన్యం ఎగుమతి అవుతుండగా, సర్కారు కరువుపనుల్లో రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి పైకంతో ప్రాణాలు నిలుపుకోమన్నది. సర్వేపని ఎరిగిన క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళు తవ్వించే కంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. మాదిగ బోధకులే మేస్త్రీలు. తమవాడే లెక్క రాసి కూలి చెల్లించే పని ఆ జనం అంతకుముందు ఎక్కడ చూశారు? కరువుపని సాగినన్నాళ్ళు ఆయన బాప్తిస్మాలు ఆపివేశాడు. పని ముగిసిన తరువాత 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో మేలు ఆశించి వచ్చినవారు లేరని ఎవరూ అనలేరు. గాని ఆ మేలులో ముఖ్యమైనది గంజి కాదు, గౌరవం.

అయితే ఈ ఉద్యమానికి హద్దులున్నాయి. మిషను భూమి ప్రశ్నను ముట్టుకోలేదు. మాదిగవాడు ఆదివారం తన కాలానికి యజమాని అయ్యాడు. మిగిలిన ఆరు రోజులు పొలం ఎవరిదో వాడిదే. దొరల రక్షణ కలెక్టరు కచేరీ వైపు చూడటం నేర్పిందిగాని, కచేరీని ప్రశ్నించటం నేర్పలేదు. కులం కూడ చర్చి గడప దాటి లోపలికే వచ్చింది. చాలచోట్ల మాలలు ఒక మిషనులో, మాదిగలు మరొక మిషనులో చేరారు, బాంధవ్యాలు కలవలేదు. స్వాతంత్ర్యం తరువాత 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారుగాని క్రైస్తవులను చేర్చలేదు. ఫలితంగా ఎందరి విశ్వాసమో సర్టిఫికెట్టులో చోటు లేక, ఆదివారం ఆరాధనలోను, బిడ్డకు పెట్టే పిలుపుపేరులోను మాత్రమే మిగిలింది.

ఇంత ఇరుకులో కూడ ఆ విశ్వాసం నిలిచింది స్త్రీల చేతిలో. వంటకు ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం తీసి సంఘానికి వేరే కుండలో వేయటం తెలుగు క్రైస్తవ స్త్రీల ఆచారం. అజరయ్య బిషప్పుగా ఉన్న దోర్నకల్ ప్రాంతంలో ఇది సంఘాన్ని నిలబెట్టిన రాబళ్ళలో ఒకటి. తాను కూలికి పోతే వచ్చిన గింజలలోంచి పిడికెడు తీయటమంటే, పుచ్చుకునేదాన్ని మాత్రమే కాదు, ఇచ్చేదాన్ని కూడ అని చెప్పటం. గంజి క్రైస్తవులన్న నిందకు ఆ కుండే సమాధానం.

చివరగా డప్పు సంగతి. మిషను డప్పును అన్యమత వాద్యమన్నది. వెట్టిగా కొట్టే డప్పును వదలటం విముక్తే. గాని దానితోపాటు తరతరాల కళ కూడ మూలపడింది. 1994 జులై 7న అదే ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టినప్పుడు, ప్రజలు దాన్ని దండోరా అన్నారు. డప్పు మళ్ళీ భుజానికెక్కింది. తాతలు డప్పు దించి మనుషులమన్నారు. మనుమలు డప్పు మోగించి అదే మాట అన్నారు. దీనిలో వైరుధ్యం లేదు. ఎవరి ఆజ్ఞమీద కొడుతున్నామన్నదే రెండుసార్లూ అసలు ప్రశ్న.

మతం ప్రజలకు మత్తుమందు అన్న సూత్రాన్ని వల్లించటం సులభం. ఆ మాట రాసినచోటనే మార్క్స్ మతాన్ని పీడితుల నిట్టూర్పుగా కూడ చెప్పాడన్నది మరచిపోవటం ఇంకా సులభం. ఒంగోలు మాదిగల విషయంలో అది నిట్టూర్పును మించి, పని ఆపిన చేయి అయింది. ఆ చేతికి భూమి అందించే బాధ్యత తరువాత వచ్చిన ఉద్యమాలది, అంటే మనది. ఆ పని మనం ఎంతవరకు చేశామో ముందు చెప్పుకుని, ఆ తరువాత వారి విశ్వాసాన్ని విమర్శిద్దాం.