అరవై రోజులు, రెండు భాషలు

మా పూండిలో జీడిపంట గురించి ఎవర్నడిగినా గంటసేపు చెప్తారు. ‘ముసాయిదా నోటిఫికేషన్’ అంటే ఏంటంటే మాత్రం మొహమొహాలు చూసుకుంటారు. ఇంజినీరింగు చదివి కూడా 2020 దాకా నేనూ ఆ బాపతే.

ఆ ఏడు మార్చిలో కేంద్ర పర్యావరణ శాఖ, 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ బదులు కొత్త ముసాయిదా తెచ్చింది. అభ్యంతరాలకి 60 రోజులిచ్చారు, సరిగ్గా లాక్‌డౌన్లో! అదీ ఇంగ్లీషు, హిందీల్లోనే. ప్రజాభిప్రాయ సేకరణకి ముందు జనానికిచ్చే వ్యవధిని 30 రోజుల నుంచి 20కి తగ్గించాలన్నది అందులో ఒక ప్రతిపాదన.

పది రోజులే కదా అనిపిస్తుంది. సోంపేటలో అడగండి చెప్తారు. 2009 ఆగస్టులో థర్మల్ కేంద్రం గురించి అక్కడ సభ పెడితే, బీల నాశనమైపోతుంది, వద్దన్నారు జనం. డిసెంబరుకల్లా అనుమతొచ్చేసింది. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. సరిగ్గా అదే రోజు, ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నా. సభలో చెప్పింది ముందే విని ఉంటే ఆ ప్రాణాలు నిలిచేవని ఇప్పటికీ అనుకుంటా.

సరే, ముసాయిదా సంగతి. 2020 జూన్ 30న ఢిల్లీ హైకోర్టు గడువుని ఆగస్టు 11 దాకా పెంచి, ఎనిమిదో షెడ్యూలు భాషలన్నిట్లోకీ దాన్ని అనువదించమంది. కేంద్రమేమో సుప్రీంకోర్టుకెళ్ళింది. క్లయింటుకి రాని భాషలో డాక్యుమెంటు పంపి ఒప్పుకోమంటే మా ఆఫీసులో ఊరుకుంటారా?

ఆఖరికి సుమారు 17 లక్షల స్పందనలొచ్చాయట. వాటిలో నాదొకటి, ఇంగ్లీషులో. నాన్నకి చదివి వినిపించడానికి మళ్ళీ తెలుగు చేసుకోవాల్సొచ్చింది.