విషవాయువులు, పరిశ్రమలయందు: గోదావరి సీమ

పనిచోట్ల మానవునకు హానిచేయు వాయువులలో దేహమును నేరుగా విషపూరితము చేయునవి కొన్ని, ప్రాణవాయువును తొలగించి ఊపిరాడనీయనివి కొన్ని, నిప్పు సోకినంతనే ప్రేలునవి మరికొన్ని. గోదావరి డెల్టాలో ఈ మూడు తెగలును గలవు.

పూర్వము నూతిలో పూడిక తీయువారు వెలిగించిన లాంతరును త్రాటితో దింపి, అది ఆరినచో దిగుట మానుచుండిరి. ఈ పరీక్ష ప్రాణవాయువు కొరతను తెలుపునే గాని విషమును తెలుపజాలదు. మండెడు వాయువున్నచోట ఆ దీపమే ప్రాణాంతకము. ఐరోపాలో 1815లో డేవీ అను రసాయన శాస్త్రవేత్త గనులకు రక్షకదీపమును కల్పించెను. ఆ శతాబ్ది చివర హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు వాసనలేని కార్బన్ మోనాక్సైడును పసిగట్టుటకు కేనరీ పక్షులను సూచించెను.

కొవ్వూరు. గోష్పాద క్షేత్రముగను, సంస్కృత విద్యాపీఠముగను పేర్గాంచిన ఈ పట్టణమునకు రసాయన పరిశ్రమ తరువాత వచ్చిన అతిథి. 1947లో తణుకు కేంద్రముగా నేర్పడిన ఆంధ్రా షుగర్స్ సంస్థ ఇచ్చట కాస్టిక్ సోడా కర్మాగారమును నెలకొల్పెను. ఉప్పునీటిగుండ విద్యుత్తును ప్రవహింపజేయగా టన్ను సోడాకు దాదాపు 880 కిలోల చొప్పున క్లోరిను వాయువు వద్దన్నను పుట్టును. త్రాగునీటిని శుద్ధిచేసి కోట్లమందిని కాపాడుచున్న ఈ వాయువే 1915 ఏప్రిల్ 22న బెల్జియములోని ఈప్ర యుద్ధరంగమున ఆయుధమయ్యెను. గాలికంటె రెండున్నర రెట్లు బరువగుటచే నేలనంటి పల్లమునకు ప్రాకును. కావున అది వెలువడినప్పుడు గాలివాటునకు అడ్డముగా మెరకకు పోవలెను. అమ్మోనియా ద్రావణమున తడిపిన గుడ్డను సిలిండరు మూతికడ చూపగా తెల్లని పొగ లేచినచో కారుచున్నదని గ్రహించు పద్ధతి చౌకయైనను మిక్కిలి నమ్మదగినది.

చమురు, చేపలు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో చెలరేగిన సహజవాయుబావి మంట 65 దినములు ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామమున గొట్టమునుండి కారి వ్యాపించిన సహజవాయువు అంటుకొని ఇరువదిమందికి పైగా మృతిచెందిరి. వంటగ్యాసునకు వాసనకై కలుపు మెర్కాప్టను వంటిది సామాన్యముగా దూరపు గొట్టములలోని వాయువునకు కలుపబడదు. రొయ్యల వ్యాపారము పెరిగినకొలది మంచు కర్మాగారములతోబాటు శీతలీకరణకు వాడు అమ్మోనియాయు పల్లెలకు చేరెను. 2017 మార్చి 30న మొగల్తూరు చేరువ నల్లంవారితోటలోని ఆక్వా కర్మాగారమున తొట్టి శుభ్రపరచుచు ఐదుగురు పనివారు అసువులు బాసిరి. సేంద్రియ మలినములు కుళ్లిన తొట్లలో హైడ్రోజన్ సల్ఫైడు పుట్టును. కుళ్లిన గ్రుడ్డు వాసన మొదట తెలియునుగాని, గాలిలో పదిలక్షల పాళ్లకు నూరు పాళ్లు మించిన వెనుక ఘ్రాణశక్తి నశించుటచే వాసన పోయినదని మురియువాడే మృత్యువునకు దగ్గరైనవాడు.

శాసనములు. 1948 నాటి కర్మాగారముల చట్టములోని 36వ సెక్షను ప్రశంసార్హముగా నుండెను: గాలి పరీక్షింపబడి సురక్షితమని వ్రాతపూర్వకముగా ధ్రువీకరింపబడిననేగాని, లేదా శ్వాసపరికరము ధరించి, నడుమునకు కట్టిన త్రాటికొనను వెలుపలివాడు పట్టుకొనియున్ననేగాని, ఎవ్వరును తొట్టిలో దిగరాదని అది విధించెను. 1984 డిసెంబరు భోపాల్ విషవాయు విపత్తు పిదపగాని ఆ చట్టమున ప్రమాదకర పరిశ్రమల అధ్యాయము చేర్చబడలేదు. అది 1987లో జరిగెను. క్లోరినునకు పదిలక్షలకు 1, హైడ్రోజన్ సల్ఫైడునకు 10, అమ్మోనియాకు 25 పాళ్లు ఎనిమిది గంటల సగటు హద్దులుగా ఆ చట్టపు అనుబంధమున నిర్ణయింపబడెను. విద్యుత్తుతో నడుచుచోట పదిమంది, లేనిచోట ఇరువదిమంది పనివారు లేనిదే సామాన్యముగా ఆ చట్టము వర్తింపకుండెను. హోటలు సెప్టిక్ ట్యాంకును, ఊరి నుయ్యియు దానికి వెలుపలనే నిలిచెను. రక్షణ సాధనములు లేకుండ మురుగుకాల్వలలోనికి, సెప్టిక్ ట్యాంకులలోనికి మనుష్యులను దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. నూతుల ప్రసక్తి అందును లేదు.