బందరు కొయ్య యిండ్లు

మిరప కోతలు ముగిసి, ప్రత్తి అమ్మకము తీరిన తరువాత మీలో ఎవరైనను బందరు చూడవలెనని బయలుదేరినయెడల, రేపల్లె మీదుగా పోయి పెనుమూడి వద్ద కృష్ణను దాటవలెను. మన తాతలు పడవ కొరకు కాచుకొనియున్న చోట ఇప్పుడు వంతెన యున్నది. మోపిదేవి, చల్లపల్లి దాటినయెడల పూట తిరుగకముందే బందరు చేరుదురు.

చేరి, పాత కొయ్య యిండ్ల వీధి ఎక్కడనని అడిగిన ఎవరును చూపలేరు. కాని ఒకప్పుడు ఆ పట్టణము కొయ్య పట్టణమే. 1652లో అక్కడ ఓడ దిగిన టావెర్నియే అను ఫ్రెంచి రత్నాల వర్తకుడు, ఇది గొప్ప పట్టణమనియు, ఇండ్లన్నియు కొయ్యతోనే కట్టబడినవనియు వ్రాసెను. 1673లో వచ్చిన జాన్ ఫ్రయర్ అను ఇంగ్లీషు వైద్యుడు కలిగినవారి ఇండ్లను ఇంకను దగ్గరగా చూచెను. ఎత్తైన కొయ్య స్తంభములు, వాటిపై సున్నపు పూత, పేము అల్లిన కిటికీ తలుపులు, పెంకుల చూరు క్రింద వసారాలు, లోపల నలుచదరపు ముంగిలి, దాని నడుమ నీళ్ల తొట్టి. మండువా లోగిలిలో పెరిగినవారికి ఇది అన్యదేశపు ఇల్లుగా తోచదు గదా!

రాయి లేని ఒండ్రు నేలలో, ఇటుకను ఉప్పు తినివేయు సముద్రపు గాలిలో, కొయ్య తెలివైన వస్తువు. గోదావరి అడవుల మ్రానులు నీటిమీద తేలి నరసాపురమునకు దిగివచ్చుచుండెను. అక్కడ వాటితో ఓడలు కట్టిరి. సొలొమోను కొరకు దేవదారు మ్రానులు తెప్పలుగా యొప్పేకు వచ్చిన సంగతి మీకు తెలిసినదే. అదే పని మన నదిమీదను జరిగినది.

ఆ యిండ్లు కట్టిన ధనము ఎక్కడిది? అది గోల్కొండ సుల్తానుల రేవు. డచ్చివారు 1606లో వచ్చిరి. 1611లో గ్లోబు అను ఇంగ్లీషు ఓడ మన నిజాంపట్నమునకు వచ్చి, తరువాతనే బందరు చేరెను. వారు కోరినది నూలు గుడ్డ. నిజాంపట్నము ప్రాంతపు చిరివేరుతో అద్దిన ఎరుపు ఎంతో పేరు పొందినది. కాబట్టి ఆ కొయ్య వసారాల వెనుక మనవంటి పల్లెల ప్రత్తి రైతు, నేతగాడు, రంగులవాడు నిలిచియున్నారు. వారి పేర్లు మాత్రము ఎవరును వ్రాయలేదు.

ఇండ్లు ఏమైనవని అడిగిన, పెద్దలు ఉప్పెనను చెప్పుదురు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి గాలివానతో సముద్రము పట్టణముమీదికి వచ్చెను. పట్టణములోను చుట్టుప్రక్కల ఊళ్లలోను సుమారు 30,000 మంది చనిపోయిరి. మనకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమలో జరిగినదానిని కన్నులార చూచినవారు మన సంఘములలో ఇంకను ఉన్నారు. మోపిదేవి మీదుగా పోవునప్పుడు మీరు ఆ నేలమీదనే పోవుచున్నారు.

అయితే నేరమంతయు అలమీద మోపుట న్యాయము కాదు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమాయెను. వర్తకము క్రమముగా చెన్నపట్టణమునకు, ఇతర రేవులకు మరలెను. రేవు మేట వేసెను. మనుష్యులు విడిచిన కొయ్య యిల్లు ఎన్నాళ్లు నిలుచును? చూరు కారిన ఒక్క వర్షకాలము చాలును, తక్కినది చెదలు చూచుకొనును. ఉప్పెనకు ముందే సగము పని జరిగిపోయినదని నా అభిప్రాయము.

బందరు ఓడలు పోవు దేశములలో టావెర్నియే కొచ్చిన్‌చైనాను గూడ పేర్కొనెను. అది నేటి వియత్నాములోనిది. ఆ దేశపు పెద్ద రేవు హోయి ఆన్. దానికిని మేట వేసెను, వ్యాపారము దనాంగు రేవునకు పోయెను. ఏటేట వరద ఇండ్లలోనికి వచ్చును. అయినను అక్కడి పాత కొయ్య యిండ్ల వీధులు నేటికిని నిలిచియున్నవి. 1999లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. అక్కడి ఇండ్లలో మేడ నేలకు ఒక తలుపు ఉండును. వరద రాగానే దానిగుండా సరకును పైకి లాగుకొందురు. నీరు తీయగానే బురద కడిగి, పుచ్చిన కొయ్య మార్చి, మరల ఆ యింటనే కాపురముందురు.

బందరు వెళ్లినవారు కోటను చూడకుండ రాకుడి. పాత ఆయుధశాల గోడలు అక్కడ ఉన్నవి, బందరులో డచ్చివారి సమాధులును ఉన్నవి. సమాధుల రాళ్లపై వంశచిహ్నములు చెక్కియున్నవి. రాయి నిలిచినది, చెక్కించినవారి ఇండ్లు లేవు.

కొయ్యను చూడవలెనన్నచో దగ్గరనున్న పెడనకు పొండు. అక్కడ కలంకారీ అద్దకమునకు టేకు అచ్చులు చెక్కుదురు. ఒక పువ్వునకు ఎన్ని రంగులో అన్ని అచ్చులు. గుడ్డను కరక్కాయ నీటిలో ముంచి ఆరవేయుదురు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో ఊరవేసి నలుపు తీయుదురు. ఇన్నేండ్ల వాడుకకు అచ్చు అంచులు అరిగిపోవును. అప్పుడు అరిగిన అచ్చును ఎదుట పెట్టుకొని, క్రొత్త టేకు పలకమీద అదే పువ్వును మరల గీచి, ఉలి పట్టుకొని కూర్చుందురు.